వ్యాప్ ప్రాజెక్టు డైరీ: ట్యూబ్ ఉన్నన్నాళ్లూ ఏం చేయాలి, ఎంత త్వరగా తీయగలం

మొదటి వారం

పని మొదలైంది. వెంటిలేటర్ పెట్టి 48 గంటలు దాటాక వచ్చే న్యుమోనియాను, మేమంతా వ్యాప్ అనే దాన్ని, మా ఐసీయూలో తగ్గించాలి. వస్తే సకాలంలో పట్టుకోవాలి. రానప్పుడు వచ్చిందనుకుని యాంటీబయాటిక్ ఎక్కించడం మానాలి. మూడు పనులు ఒకేసారి ఎందుకు పెట్టుకోవడం అని తొలి మీటింగులోనే ప్రశ్న వచ్చింది. విడదీయడం కుదరదని నా అభిప్రాయం. జబ్బు ఉందా లేదా అన్నది డ్యూటీ డాక్టరును బట్టి మారుతుంటే, అది తగ్గిందో పెరిగిందో ఎవరు చెప్పగలరు?

టీములో ఇద్దరు ఇంటెన్సివిస్టులు (ఐసీయూ ప్రత్యేక డాక్టర్లు), ముగ్గురు నర్సులు, ఒక ఫిజియోథెరపిస్టు, ల్యాబ్ నుంచి మైక్రోబయాలజిస్టు ఉన్నారు. నైట్ డ్యూటీ చేసే నర్సు ఒకరు తప్పనిసరిగా ఉండాలని పట్టుబట్టాను. పగలు రాసిన పద్ధతి రాత్రి రెండింటికి ఎలా ఉంటుందో చెప్పగలిగేది వాళ్లే.

బోర్డు మీద బొమ్మ గీసి మొదలుపెట్టాం. మామూలు మనిషికి మింగడం, దగ్గడం, స్వరపేటిక మూసుకోవడం ఊపిరితిత్తులకు కాపలా. వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలోకి ట్యూబ్ వేశాక ఈ మూడూ దెబ్బతింటాయి. నోట్లో, గొంతులో ఊరిన స్రావం కిందికి జారి ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ, అంటే కఫ్ పైన నిలుస్తుంది. కఫ్‌ను గాలితో నింపినా దాని ముడతల మధ్య సన్నటి దారులుంటాయి. వాటి గుండా కొంచెం కొంచెంగా ద్రవం శ్వాసనాళంలోకి దిగుతుంది. ట్యూబ్ లోపలి గోడకు బ్యాక్టీరియా పొరగా అంటుకుంటుంది. సక్షన్ చేసి, అంటే గొట్టంతో స్రావాన్ని లాగేసినా, ఆ బయోఫిల్మ్ పూర్తిగా పోదు. జబ్బు పడ్డ రెండు మూడు రోజుల్లోనే నోటిలోని బ్యాక్టీరియా మారిపోయి క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటివి, స్టఫైలోకోకస్ ఆరియస్ అక్కడ చేరతాయి. అంటే ప్రమాదం చాలావరకు పేషెంటు గొంతులోంచే వస్తోంది. ఈ ఒక్క విషయం అందరికీ పట్టుబడితే మిగతా చర్చల్లో సగం తేలికవుతాయి. వెంటిలేటర్ గొట్టాలను రోజు లెక్కన మార్చడం ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. కంటికి మురికి కనిపిస్తేనో, పాడైతేనో మారిస్తే చాలు. ఊరికే విప్పితే లోపల చేరిన నీరు పేషెంటు వైపు ఒలికే ప్రమాదం అదనం.

రెండో వారం

నిర్వచనం దగ్గర ఆగిపోయాం. ఆగవలసిన చోటే ఆగాం అనుకుంటున్నాను.

1972 నుంచి చెప్పుకుంటున్న పద్ధతి ఇది: ఎక్స్‌రేలో కొత్త నీడ, దానికి తోడు జ్వరం, తెల్లకణాల మార్పు, చీములాంటి కఫం. కొత్త నీడతో పాటు మిగతా మూడింటిలో రెండు ఉంటే వ్యాప్ అనుకుంటే ఎంత సరిపోతుందో 1999లో చనిపోయినవారి ఊపిరితిత్తులను పరీక్షించి చూశారు. నిజంగా జబ్బున్నవారిలో 69 శాతం మందినే అది పట్టింది. లేనివారిలో 75 శాతం మందిని మాత్రమే లేదని సరిగ్గా చెప్పింది. అంటే మనం మంచం పక్కన నిలబడి చేసే నిర్ణయం రెండు వైపులా తప్పే అవకాశం ఉంది. ఇన్ఫెక్షన్ స్కోరు ఒకటి 1991 నుంచి వాడుకలో ఉంది, ఆరు దాటితే అనుమానించాలంటారు. దాన్నీ చూశాం. ఒకే పేషెంటుకు ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా లెక్కేస్తే కఫం రంగు దగ్గర, ఎక్స్‌రే దగ్గర తేడా వస్తోంది. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులంతా వాచి నీరు పట్టే స్థితి) ఉన్న ఛాతీలో కొత్త నీడ ఏదో, పాత నీడ ఏదో చెప్పడం ఎవరికైనా కష్టమే.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2013లో ఈ చిక్కు తప్పించుకోవడానికి లెక్కల కోసం ఎక్స్‌రేనే పక్కన పెట్టింది. పేషెంటు కనీసం రెండు రోజులు నిలకడగా ఉన్నాక, రోజువారీ కనిష్ఠ పీప్ (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) 3 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మేరకో, ఆక్సిజన్ 20 శాతం పాయింట్ల మేరకో పెరిగి, ఆ పెరుగుదల రెండు రోజులు నిలిస్తే అది వెంటిలేటర్ సంబంధిత ఘటన. దానితో జ్వరమో తెల్లకణాల మార్పో ఉండి, కొత్త యాంటీబయాటిక్ నాలుగు రోజులు సాగితే తరువాతి మెట్టు. ఆ పైన కల్చర్ (శాంపిల్‌లోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఆధారం ఉంటే న్యుమోనియా కావచ్చని రాస్తారు. ఇది ఎవరు లెక్కేసినా ఒకేలా వస్తుంది. కానీ ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, ఒక భాగం ముడుచుకుపోయినా ఇందులోకే వస్తుంది. కొన్ని అసలు న్యుమోనియాలు తప్పిపోతాయి కూడా.

అందుకని రెండు లెక్కలు వేరు చేశాం. యూనిట్ ఎలా ఉందో చూసుకోవడానికి ఘటనల లెక్క, వెయ్యి వెంటిలేటర్ రోజులకు ఎన్ని అన్న పద్ధతిలో. మంచం పక్కన మందు మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి డాక్టరు తీర్పు, కారణాలు రాతపూర్వకంగా. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని నిర్ణయించకూడదని తీర్మానంలో రాసుకున్నాం.

ఇంకో మాట. మాలాంటి చిన్న యూనిట్‌లో నెలకు వచ్చే కేసులు తక్కువ. రెండు కేసులు అటూ ఇటూ అయితే గ్రాఫు కిందా మీదా అవుతుంది. అందుకే జబ్బు రేటుతో పాటు చేయాల్సిన పని ఎంతవరకు జరిగిందన్నదాన్ని కొలుస్తాం, అదీ చార్టులో టిక్కు చూసి కాకుండా మంచం దగ్గరకు వెళ్లి.

నాలుగో వారం

తల వైపు మంచం ఎత్తడం. అన్నిటికంటే సులువైన పని అనుకుని మొదట పెట్టుకున్నాం.

1999లో బార్సిలోనాలో జరిగిన పరిశీలనలో వెల్లకిలా పడుకున్నవారి కంటే 45 డిగ్రీలు వాలుగా కూర్చున్నట్టు ఉంచినవారిలో వ్యాప్ అనుమానం చాలా తక్కువ: 34 శాతానికి 8 శాతం. అది చదివి అందరూ తల ఎత్తమన్నారు. 2006లో నెదర్లాండ్స్‌లో మళ్లీ చూసినప్పుడు 45 డిగ్రీలని రాసిపెట్టినా సగటున 30 కూడా నిలబడలేదు. రెండు గుంపుల మధ్య వ్యాప్‌లో తేడా కూడా రాలేదు. పరిశోధన కోసం ప్రత్యేకంగా మనుషులను పెట్టి కొలిచినచోటే అలా అయితే, మా చార్టుల్లో అన్ని గడుల్లోనూ ఉన్న ‘30–45’ని నేను అలాగే నమ్మలేను.

చెప్పకుండా వెళ్లి మంచం పక్కనున్న కోణం స్కేలు చూశాం. రాసినదానికీ ఉన్నదానికీ తేడా ఉంది. ఎవరినీ నిలదీయలేదు, ఎప్పుడు దిగుతోందో వెతికాం. దుప్పటి మార్చేటప్పుడు, ఎక్స్‌రే పలక పెట్టేటప్పుడు, రక్తనాళంలోకి గొట్టం (లైన్) వేసేటప్పుడు మంచం చదును చేస్తారు. పని అయ్యాక ఎత్తాల్సినవారు వేరే పేషెంటు అలారం విని వెళ్లిపోతారు. రెండో కారణం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది: స్కేలు 35 చూపిస్తున్నా పేషెంటు కిందికి జారిపోయి ఉంటాడు, వంగాల్సింది నడుము దగ్గరైతే వంగుతున్నది వీపు మధ్య. ఛాతీ ఎత్తు మారదు, పైగా పొట్ట నొక్కుకుపోతుంది.

ఇప్పుడు పద్ధతి ఇది. మంచం ఎవరు దించితే వాళ్లే ఎత్తి బయటకు రావాలి, ఎక్స్‌రే టెక్నీషియన్ అయినా సరే. పేషెంటును ముందు పైకి జరిపి, తుంటి మంచం మడత దగ్గరకు వచ్చాకే తల ఎత్తాలి. వెన్నెముక గాయం ఉండి నడుము వంచకూడనివారికి మంచం మొత్తాన్ని తల వైపు ఎత్తుగా వాలుస్తాం. బీపీ పడిపోతున్నవారికి, బోర్లా పడుకోబెట్టినవారికి ఈ లెక్క వర్తించదని స్పష్టంగా రాశాం.

ఆరో వారం

నోటి శుభ్రత దగ్గర గట్టి వాదన జరిగింది. ఏళ్లుగా క్రిమిసంహారక ద్రవం క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు తుడుస్తున్నాం. దాన్ని ఆపమంటే ఒక సీనియర్ సిస్టర్ సూటిగా అడిగారు: “సార్, ఇన్నాళ్లూ ఇదే చేయమన్నారు. తడవకోసారి టిక్కు పెట్టకపోతే ఆడిట్‌లో మమ్మల్నే అడిగారు. ఇప్పుడు వద్దంటే నేను మా జూనియర్ నర్సు పిల్లలకు ఏం చెప్పాలి?”

ఆ ప్రశ్న న్యాయమైనది. ఉన్నదున్నట్టు చెప్పాను. గుండె ఆపరేషన్ పేషెంట్లలో లాభం కనిపించింది, అక్కడినుంచి అందరికీ పాకింది. 2014లో అన్ని పరిశీలనలనూ కలిపి చూస్తే మిగతా పేషెంట్లలో, ఎవరికి ఏం ఇచ్చారో తెలియకుండా చేసిన పరీక్షల్లో, వ్యాప్ తగ్గినట్టు తేలలేదు. మరణాలు కొంచెం పెరుగుతున్నాయేమో అన్న అనుమానం మాత్రం తలెత్తింది. 2022లో అమెరికా ఇన్ఫెక్షన్ నివారణ సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో బ్రష్‌తో పళ్లు తోమడం తప్పనిసరి జాబితాలోకి వచ్చింది, క్లోర్‌హెక్సిడిన్ వద్దన్న జాబితాలోకి వెళ్లింది. ఆ తర్వాత 2023 చివర్లో వచ్చిన 15 పరీక్షల సమీక్ష పళ్లు తోమడం వల్ల ఆసుపత్రి న్యుమోనియా తగ్గుతోందని, ఆ లాభం ముఖ్యంగా వెంటిలేటర్ మీదున్నవారిలోనే కనిపిస్తోందని చెప్పింది. రోజుకు రెండుసార్లు చాలు, మూడోసారి వల్ల అదనపు మేలు తేలలేదు.

సిస్టర్ విని, “అయితే ఇద్దరు కావాలి, ఒక్కరితో కాదు” అన్నారు. అక్కడినుంచి పద్ధతి రాసింది ఆవిడే. ముందు కఫ్ ఒత్తిడి చూడాలి. ఒకరు ట్యూబ్ పట్టుకోవాలి, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో చూసుకోవాలి. చిన్న, మెత్తటి కుచ్చు బ్రష్‌తో పళ్లు, చిగుళ్లు, నాలుక, వెంటవెంటనే సక్షన్. చివర్లో ట్యూబ్‌ను నోటి రెండో మూలకు మార్చి కట్టాలి, లేకపోతే పెదవి కింద పుండు పడుతుంది. పేషెంటుకు స్పృహ లేదనిపించినా ఏం చేయబోతున్నామో చెప్పి మొదలుపెట్టాలని ఆ కాగితంలో మొదటి వాక్యంగా రాశారు. అది నాకు తట్టలేదు. ఆ వాక్యాన్ని అలాగే ఉంచాం.

రెండో నెల

ఇది ప్రాజెక్టుకు గుండెకాయ. వ్యాప్ రాకుండా ఉండటానికి అన్నిటికంటే గట్టి దారి ట్యూబ్ వేయకపోవడం. వేస్తే తొందరగా తీయడం. హై ఫ్లో ఆక్సిజన్‌తోనో, మాస్క్ వెంటిలేషన్‌తోనో నెగ్గుకురాగల పేషెంటుకు అవే వాడాలి, అయితే అవి పనిచేయడం లేదని తెలిశాక ట్యూబ్ వేయడం ఆలస్యం చేయకూడదు. ట్యూబ్ పడ్డాక తొలి ఐదు రోజుల్లో వ్యాప్ వచ్చే ప్రమాదం రోజుకు దాదాపు 3 శాతమని 1998 నాటి కెనడా పరిశీలన చెప్పింది, తర్వాత రోజువారీ ప్రమాదం తగ్గుతుంది. అంటే మొదటి వారంలో మిగిల్చిన ప్రతి రోజుకూ విలువ ఉంది.

ఆ రోజులను పొడిగించేది ఎక్కువగా మేమిచ్చే మత్తే. మత్తు మందును రోజూ ఒకసారి ఆపి చూస్తే వెంటిలేటర్ కాలం 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గిందని 2000లోనే తేలింది. 2008లో మత్తు ఆపడాన్నీ, సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చి చూడడాన్నీ జతచేసి పరీక్షించారు. వెంటిలేటర్ లేని రోజులు మూడు పెరిగాయి, ఏడాది తర్వాత బతికున్నవారు కూడా ఎక్కువే. ఇవన్నీ మా డాక్టర్లందరికీ తెలుసు. అయినా రౌండ్స్ సమయానికి సగం మంది గాఢ మత్తులో ఉంటున్నారు.

కారణం కోసం రాత్రి డ్యూటీలో కూర్చున్నాను. ఒక నర్సు రెండు మంచాలు చూస్తున్నారు. పేషెంటు కదిలితే ట్యూబ్ లాగేసుకుంటాడేమోనన్న భయంతో మత్తు మందు ఇన్ఫ్యూజన్ (ఆగకుండా నరంలోకి ఎక్కించే మందు) కొంచెం పెంచుతారు. పొద్దున దాన్ని తగ్గించే బాధ్యత ఎవరిదని రాసిలేదు. భయం ఉత్తది కాదు. 2008 పరీక్షలో కూడా మత్తు ఆపినవారిలో ట్యూబ్ తామే లాగేసుకున్నవారు ఎక్కువ. కానీ అలా లాగేసుకున్నవారిలో మళ్లీ ట్యూబ్ వేయాల్సి వచ్చినవారి సంఖ్యలో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. అంటే వారిలో చాలామందికి ట్యూబ్ అవసరం అప్పటికే తీరిపోయింది.

మార్చినవి: ముందు నొప్పికి మందు, తర్వాతే మత్తు. బెంజోడయజెపిన్ రకం మత్తు మందుల ఇన్ఫ్యూజన్లు వీలైనంత వద్దు. ప్రతి షిఫ్టుకూ మత్తు ఏ స్థాయిలో ఉండాలో అంకె రాయాలి, ‘అవసరాన్ని బట్టి’ అని రాస్తే ఫార్మసిస్టు వెనక్కి పంపుతారు. రౌండ్స్ మొదలవకముందే నర్సు మత్తు ఆపుతారు, డాక్టరు అనుమతి కోసం ఆగక్కర్లేదు. మూర్ఛలు, మద్యం మానిన లక్షణాలు, పుర్రెలో ఒత్తిడి, గుండెకు రక్తం అందని స్థితి, కండరాలను స్తంభింపజేసే మందు ఉన్నవారిని మాత్రం వదిలేస్తారు. పేషెంటు మెలకువలోకి వస్తే అరగంట తక్కువ సపోర్టుతో ఊపిరి పరీక్ష. నెగ్గితే దగ్గు ఎలా ఉంది, కఫం ఎంత వస్తోంది, మాట వింటున్నాడా అని చూసి ట్యూబ్ తీసే నిర్ణయం.

కుటుంబ సభ్యులతో ముందుగానే మాట్లాడుతున్నాం. మత్తు తగ్గినప్పుడు పేషెంటు కళ్లు తెరిచి ఇబ్బంది పడుతుంటే చూసేవాళ్లు, “అమ్మో, మళ్లీ నిద్రపుచ్చండి” అంటారు. ఎందుకు లేపుతున్నామో తెలిస్తే వాళ్లే చేయి పట్టుకుని ధైర్యం చెబుతున్నారు. ఫిజియోథెరపిస్టు ఆ సమయాన్నే వాడుకుని మంచం అంచున కూర్చోబెట్టే ప్రయత్నం మొదలుపెట్టారు.

రెండో నెల చివర

చిన్న విషయాలు కొన్ని. కఫ్ ఒత్తిడి 20–30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉంచుతున్నాం, మీటరుతోనే, వేలితో నొక్కి చూసి కాదు. తక్కువైతే స్రావం కారుతుంది, ఎక్కువైతే శ్వాసనాళం గోడకు రక్తం అందదు. పదేపదే కొలవడం వల్ల వ్యాప్ తగ్గుతుందని రుజువు లేదు కాబట్టి మీటరు పెట్టడాన్ని రోజంతా సాగే తంతుగా మార్చలేదు. సక్షన్‌కు ముందు అలవాటుగా సెలైన్ పోయడం మానేశాం. ముక్కు గొట్టం ద్వారా ఆహారం త్వరగా మొదలుపెడుతున్నాం, పొట్టలో ఎంత మిగిలిందో ప్రతిసారీ లాగి కొలవడం ఆపాం. వెండి పూత ట్యూబులు, ప్రోబయోటిక్స్ గురించి అడిగారు, వద్దన్నాను.

మూడో నెల

నిర్ధారణ వైపు వచ్చాం. మైక్రోబయాలజిస్టు మేడమ్ మొదటి మాటే ఇది: “మీరు పంపే వాటిలో చాలావరకు ఉమ్మి. దాన్ని పెంచి పేరు చెబితే మీరు మందు పెడతారు.” ట్యూబ్ ఉన్న ఎవరి కఫం పంపినా ఏదో ఒకటి పెరుగుతుంది, అది అక్కడ కాపురం పెట్టిందా, జబ్బు చేసిందా అన్నది కల్చర్ ఒక్కటే చెప్పలేదు. కాబట్టి కారణం లేకుండా వారంవారం కల్చర్ పంపడం ఆపేశాం. పంపేటప్పుడు ఫారంలో అనుమానం ఎందుకో రాయాలి. మైక్రోస్కోపు కింద చర్మకణాలు ఎక్కువ, చీముకణాలు తక్కువ ఉంటే ల్యాబ్ మరో శాంపిల్ అడుగుతుంది.

శాంపిల్‌ను బ్రాంకోస్కోపీ (కెమెరా గొట్టాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపడం) చేసి లోపలినుంచే తీయాలా, సక్షన్ చేసే సన్నటి గొట్టం, అంటే కెథీటర్‌తో తీసింది చాలా అన్నదానిపై కెనడా బృందం 2006లో 740 మందిని చూసింది. 28 రోజుల మరణాల్లో తేడా లేదు. అయితే సూడోమోనాస్, ఎంఆర్ఎస్ఏ (మామూలు మందులకు లొంగని స్టఫైలోకోకస్) అప్పటికే ఉన్నవారిని అందులో చేర్చలేదు, కాబట్టి మా పేషెంట్లందరికీ అది అన్వయిస్తుందని చెప్పను. 2016 అమెరికా మార్గదర్శకాలు కెథీటర్ శాంపిల్ చాలన్నాయి, 2017 యూరప్ మార్గదర్శకాలు లోతైన శాంపిల్, అంకెలతో కల్చర్ మేలన్నాయి. మేము కెథీటర్‌తో మొదలుపెడుతున్నాం. రోగనిరోధక శక్తి లేనివారికి, మందు పెట్టినా తగ్గనివారికి బ్రాంకోస్కోపీ. అంకెలతో చేసినప్పుడు లావేజ్‌లో (బ్రాంకోస్కోపీలో సెలైన్‌తో కడిగి తీసిన ద్రవం) మిల్లీలీటరుకు బ్యాక్టీరియా పది వేలు, కెథీటర్ శాంపిల్‌లో లక్ష దాటితే బరువిస్తాం. కొత్త యాంటీబయాటిక్ పడ్డాక తీసిన శాంపిల్‌కు ఈ అంకెలు నమ్మకంగా ఉండవు. అందుకే ముందు శాంపిల్, వెంటనే మందు. షాక్‌లో ఉన్నవారికి శాంపిల్ కోసం మందు ఆపం.

ఈ వారం ఒక పేషెంటు విషయం రాసుకోవాలి. రాత్రి జ్వరం, ఆక్సిజన్ అవసరం పెరిగింది, ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా ఉంది. అందరూ వ్యాప్ అన్నారు. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే గట్టిపడ్డ భాగం ఉంది, కానీ అందులోని గాలి గీతలు ఊపిరితో కదలడం లేదు. న్యుమోనియాలో అవి కదులుతాయి. నాళం మూసుకుని ఊపిరితిత్తి ముడుచుకుంటే నిలిచిపోతాయి. శాంపిల్ తీసి, పేషెంటు నిలకడగా ఉన్నాడు కాబట్టి యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా, ఫిజియోథెరపిస్టును పిలిచాం. గట్టి కఫం ముద్ద బయటపడింది. సాయంత్రానికి ఆక్సిజన్ అవసరం తగ్గింది, మర్నాటి ఎక్స్‌రే తేటపడింది. జ్వరానికి కారణం పాత సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) అని తేలింది. అల్ట్రాసౌండ్ ఎప్పుడూ ఇంత స్పష్టంగా చెప్పదు. అయినా కొత్త నీడ కనిపించగానే నీరా, ముడుచుకోవడమా, రక్తమా, గడ్డా అని అడిగే అలవాటు జూనియర్లలో వస్తోంది.

మందు ఆపడం మీద కూడా ఒప్పందానికి వచ్చాం. మొదలుపెట్టిన మూడో రోజు కల్చర్ చేతికొస్తుంది. కొత్త మందు పడకముందు తీసిన మంచి శాంపిల్‌లో ఏమీ పెరగకపోయి, పేషెంటు బాగుంటే ఆపేస్తాం. పెరిగితే దానికి సరిపోయే ఇరుకైన (కొన్ని క్రిముల మీదే పనిచేసే) మందుకు మారతాం. మొత్తం ఏడు రోజులు. 2003లో ఫ్రాన్స్‌లో 401 మందిలో ఎనిమిది రోజులు, పదిహేను రోజులు పోల్చినప్పుడు మరణాల్లో తేడా రాలేదు, సూడోమోనాస్ జాతివాటిలో మాత్రం తిరగబెట్టడం ఎక్కువైంది. 2024లో నేపాల్, సింగపూర్, థాయ్‌లాండ్ ఐసీయూల్లో జ్వరం, బీపీ చూసి ఒక్కొక్కరికి తగ్గట్టు ఏడు రోజుల్లోపే ఆపి చూశారు. ఫలితాలు ఎక్కువ రోజులిచ్చిన వారికి తీసిపోలేదు. సూడోమోనాస్ ఉంటే ఏడో రోజు మళ్లీ కూర్చుని నిర్ణయిస్తాం. ప్రోకాల్సిటోనిన్‌ను (ఇన్ఫెక్షన్‌లో పెరిగే రక్త పరీక్ష అంకెను) మందు మొదలుపెట్టడానికి వాడం. ఆపేటప్పుడు తోడుగా చూస్తాం.

ఈ రోజుకు

మత్తు ఆపడం, పళ్లు తోమడం రాత్రి షిఫ్టుల్లో కూడా నిలిచాయి. మంచం కోణం పగలు బాగుంది, తెల్లవారుజామున ఇంకా జారుతోంది. వ్యాప్ రేటు తగ్గిందా అని యాజమాన్యం అడిగింది. ఇంకొన్ని నెలల లెక్క లేకుండా చెప్పలేనని, ట్యూబ్ రోజులు, యాంటీబయాటిక్ రోజులు చూపిస్తానని చెప్పాను. ఆదివారాలు ఊపిరి పరీక్షలు తగ్గిపోతున్నాయి, ఆ రోజు ఫిజియోథెరపిస్టు లేకపోవడం, ఒక్క డాక్టరే ఉండడం కారణం.

వచ్చే మీటింగుకు రెండు అంశాలు. ఆదివారం ట్యూబ్ తీసే అధికారం డ్యూటీ డాక్టరుకే ఇవ్వడం మొదటిది. కఫ్ పైన నిలిచిన స్రావాన్ని లాగే అదనపు దారి ఉన్న ట్యూబులు తెప్పించాలా అన్నది రెండోది. రెండు మూడు రోజులకు మించి ట్యూబ్ అవసరపడే వారికే వాటితో లాభం. అలాంటివారిని ట్యూబ్ వేసే క్షణంలోనే గుర్తించగలమా అన్నది ఎమర్జెన్సీ విభాగం వాళ్లతో కూర్చుని తేల్చాలి. గురువారం రమ్మన్నారు.